లోమా సెకా కొళాయి మీద డాక్యుమెంటరీ

"సాంటా రుఫినా పురప్రజలకు విజ్ఞప్తి. మన ప్రియతమ మేయరు డాక్టర్ అమౌరీ బెరోకాల్ గారి అకుంఠిత దీక్షా ఫలితంగా లోమా సెకా గుట్టకు మంచినీటి కొళాయి వచ్చేసింది. ఈ చారిత్రక ఘట్టంపై డాక్యుమెంటరీ చిత్రం తీయబడుచున్నది. కావున గుట్టవాసులందరూ ఉతికిన బట్టలు ధరించి సహకరించవలెను."

మాటలు మేయరు గారివి, గొంతు నాది. మోటారు సైకిలుకు రెండు లౌడ్‌స్పీకర్లు కట్టుకుని ఊరంతా తిరిగే మైకు మోయిసెస్‌ని నేనే. చావు కబుర్లు, తప్పిపోయిన కుక్కలు, రేవుకొచ్చిన చేపలు, మేయరు గారి విజయాలు, అన్నీ ఒకే గాంభీర్యంతో చెబుతాను. ఆ రోజు "ఉతికిన బట్టలు" అనగానే గుట్ట మీద ఎవరో కిసుక్కున నవ్వారు. ఉతకాలంటే నీళ్లుండాలి కదా అని వాళ్ల వాదన. కొందరికి ఎంత మంచి పనిలోనైనా రంధ్రాలు వెతకడమే పని.

మేయరు గారు ఏ రోగానికీ డాక్టరు కాదు. మా వైపు మెడలో టై ఉన్నవాణ్ణి డాక్టరనడం మర్యాద. ఆయన టై కట్టుకునే నిద్రపోతారని ఆయన ఇంట్లో వంటమనిషి చెప్పగా విన్నాను. ప్రజాసేవకు వేళాపాళా ఉండదు మరి.

మా గుట్ట మీద నిలబడితే కింద ఆ చివరి నుంచి ఈ చివరిదాకా నది కనిపిస్తుంది. కనిపించడం వేరు, కుండలోకి రావడం వేరు. మంగళవారం, శుక్రవారం ట్యాంకరు వచ్చి ఎదీల్మా ముసలమ్మ ఇంటి ముందు ఆగుతుంది. ఆ ఎండలో మనుషులు నిలబడలేరు గనక బకెట్లు నిలబడతాయి. ఎవరి బకెట్టుకు వాళ్ల గుడ్డపేలిక కట్టి, గాలికి ఎగిరిపోకుండా అందులో ఓ రాయి వేసి, వరసలో పెట్టి ఇంటికి పోతారు. బకెట్టు ఉందంటే మనిషి ఉన్నట్టే. ఒకరి బకెట్టు ఇంకొకరు జరపరు. జరిపినవాడి ఇంటి చావుకి కూడా గుట్టవాళ్లు వెళ్లరు.

ఈ బకెట్ల వరస మీద సినిమా తీయాలని యుర్లే వచ్చింది. ఎదీల్మా మనవరాలే. కోస్తా నగరంలో సినిమా చదువు ఆఖరి ఏడాదిలో ఉంది. వెంట డేమర్ అనే సహాధ్యాయి, అతని చేతిలో పొడుగాటి కర్ర, కర్ర చివర పిల్లితోకలాంటి మైకు. ఇద్దరూ గుట్ట ఎక్కి కెమెరా దింపారో లేదో, మేయరు గారి కబురు వచ్చింది. పురపాలక అనుమతి లేనిదే పురపాలక బకెట్లను తీయరాదట.

మేయరు గారి గదిలో మైకు బాగుచేస్తూ నేను అక్కడే ఉన్నాను కాబట్టి, ఆ చారిత్రక సంభాషణకు నేనే సాక్షిని. అసలు డాక్యుమెంటరీ అంటే ఏమిటని ఆయన ఆ పిల్లని ఎంతో వినయంగా అడిగారు. యుర్లే చదువుకున్నది చెప్పింది. ఒక పెద్దమనిషి పుస్తకాల ముందు కూర్చుని మాట్లాడతాడు, అన్నీ తెలిసిన గొంతు ఒకటి వెనక నుంచి వివరిస్తుంది, కెమెరా లేనప్పుడు జరిగిపోయిన సంగతులు ఏమైనా ఉంటే వాటిని మళ్లీ నటించి తీస్తారు, దాన్ని పునఃచిత్రణ అంటారు, ఇవన్నీ పాత పద్ధతులు, మేం వీటిని ప్రశ్నిస్తున్నాం అంది.

మేయరు గారికి ప్రశ్నించడం గురించి వినబడలేదు. పునఃచిత్రణ దగ్గరే ఆగిపోయారు.

"జరిగినదాన్ని మళ్లీ తీయొచ్చన్నమాట."

"తీయొచ్చు డాక్టర్."

"జరగబోయేదాన్ని?"

"జరగందాన్ని తీస్తే అది డాక్యుమెంటరీ కాదు డాక్టర్."

"జరగదని ఎవరన్నారమ్మా? ముందు తీస్తాం, తర్వాత జరుగుతుంది. కాస్త వెనకా ముందూ, అంతేగా."

విషయమేమిటంటే, కొళాయి పని పూర్తయినట్టు కాగితాల మీద ఎప్పుడో రాసేశారు. దాన్ని కళ్లారా చూసి ధ్రువపరచడానికి రాజధాని నుంచి డాక్టర్ పెన్యరాండా అనే తనిఖీ అధికారి వస్తున్నాడు. ఆయనకు మోకాళ్ల నొప్పులు, గుట్ట దారిలో కారు కుదుపులకు కూడా తట్టుకోలేడు. గుట్టే ఆయన దగ్గరికి రావాలి. అందుకు సినిమా కంటే మంచి వాహనం ఏముంది? కాబట్టి ఒప్పందం కుదిరింది. పిల్లలు మేయరు గారి కొళాయి తీస్తే, తమ బకెట్లూ తీసుకోవచ్చు. సినిమా ఎలా కూర్చాలన్నది మాత్రం కళాకారుల ఇష్టమని ఆయనే ఉదారంగా సంతకం పెట్టారు. కళంటే ఆయనకు ప్రాణం.

ఈ సంగతి తెలిసి ఎదీల్మా మనవరాలి మీద మండిపడింది. నేను గిన్నెలో ఉడికించిన యూకా దుంప తింటూ వాళ్ల గుమ్మంలోనే ఉన్నాను.

"కొళాయి వచ్చిందని ఆ పెద్దాయన రాసుకుపోయాడో, ట్యాంకరు ఆపేస్తారే తల్లీ. ఒకే గుట్టకి రెండూ ఎవడిస్తాడు? అప్పుడు నీ సినిమా గ్లాసులో పోసుకు తాగుతానా?"

"నేను అబద్ధం తీయను అవ్వా."

"మరేం తీస్తావు?"

"ఉన్నంతసేపూ తీస్తాను" అంది యుర్లే. ఆ మాట నాకప్పుడు అర్థం కాలేదు. ముసలమ్మకి అర్థమైందో లేదో గానీ, నా గిన్నెలో ఇంకో ముక్క వేసి, నీ గొంతు ఎవరికి అమ్ముకుంటావో చూసుకో నాయనా అంది. నేను కళాకారుణ్ణని, పక్షాలు ఉండవని చెప్పాను.

మొదటి రోజు పెద్దమనిషి ఘట్టం. మేయరు కార్యాలయంలో పుస్తకాలు లేవని అప్పుడే బయటపడింది. ఎదురుగా ఉన్న మందుల దుకాణం నుంచి అలమర మోయించుకొచ్చి, దగ్గుమందు డబ్బాలు వెనక్కి తిప్పి పేర్చారు. కెమెరాలోంచి చూస్తే అచ్చం న్యాయశాస్త్ర గ్రంథాలే. దాని ముందు కూర్చుని మేయరు గారు నీటికీ నాగరికతకూ ఉన్న సంబంధం గురించి మాట్లాడారు. మధ్యలో ఒక జ్వరమొచ్చిన ఆవిడ వచ్చి మూడో గ్రంథం ఇమ్మంది. మేయరు గారు మాట ఆపకుండానే వెనక్కి చెయ్యిచాచి తీసిచ్చారు. యుర్లే కెమెరా ఆపలేదు.

తర్వాత కొళాయి. ఎదీల్మా ఇంటి ముందు కొత్తగా కట్టిన గోడకు ఇత్తడి కొళాయి బిగించారు. గోడ వెనక అగ్నిమాపక దళం వారి బండిని ఆపి, దాని గొట్టాన్ని కొళాయికి తగిలించారు. బండి దగ్గర ఎర్మీడెస్ అనే ఫైర్‌మన్ని నిలబెట్టారు. మేయరు గారు దగ్గితే అతను నీళ్లు వదలాలి. అంత క్లిష్టమైన ఇంజినీరింగు మా ఊళ్లో అంతకు ముందు జరగడం ఎరగం.

యుర్లే కెమెరా మొదలెట్టి, ఇక కానివ్వమంది. మేయరు గారు కొళాయి తిప్పి దగ్గారు. నీళ్లు వచ్చాయి. గ్లాసులో పట్టుకుని తాగారు. అగ్నిమాపక బండి నీళ్లు మంటలార్పడానికే గానీ మనుషుల కోసం కాదు. అయినా ఆయన మొహంలో ఒక్క కండరం కదిలితే ఒట్టు. "తియ్యగా ఉన్నాయి" అని, తానే "కట్" అని, మూతి తుడుచుకుని కారెక్కి వెళ్లిపోయారు. నాయకుడంటే అలా ఉండాలి.

కట్ ఆయన చెప్పారు గానీ కెమెరా ఆ పిల్లది. ముక్కాలిపీట మీద అది అలాగే చూస్తోంది. కొళాయీ అలాగే పారుతోంది. పారే నీళ్లు చూసి గుట్టవాళ్లు ఊరుకుంటారా? పేలికలు కట్టిన బకెట్లు ఒక్కొక్కటీ వచ్చి వరసలో చేరాయి. ఎవరూ తోసుకోలేదు. ఎదీల్మా బకెట్టు నిండింది. మా ఆవిడ బకెట్టు సగంలో ఉండగా ధార సన్నబడింది, దారంలా అయింది, ఆఖరికి చుక్కలుగా మారింది. అప్పుడు గోడ వెనక నుంచి ఎర్మీడెస్ గొంతు వినబడింది.

"బండి ఖాళీ అయిపోయింది. డాక్టర్ వెళ్లిపోయాడా, ఇంకా ఉన్నాడా?"

డేమర్ పిల్లితోక మైకు గోడ మీదుగా అటు వంగి ఉంది. యుర్లే ఆ తర్వాత కూడా చాలాసేపు ఆపలేదు. ఖాళీ కొళాయిని ఎందుకు తీస్తున్నావమ్మా, ఏమీ జరగడం లేదు కదా అన్నాను. మా మాష్టార్లు కూడా అదే అంటారు మామా, ఏమీ జరగనిచోట కోసెయ్యమంటారు, ఇక్కడ జరిగేది అదొక్కటే కదా అంది. పాపం, చదువు ఎక్కువైంది అనుకున్నాను.

అన్నీ తెలిసిన గొంతు నాదే. మేయరు గారు రాసిచ్చిన వ్యాఖ్యానాన్ని ఎదీల్మా ఇంట్లో, బయటి చప్పుడు రాకుండా చుట్టూ దుప్పట్లు కట్టి, చదివాను. "రేయింబవళ్లు, వానా ఎండా అనక, లోమా సెకా ప్రతి గడపకూ జీవధార" అనేచోట నా గొంతు నిజంగానే వణికింది. చావు కబుర్లు చెప్పి చెప్పి అలవాటైన వణుకు అది.

ప్రదర్శన ఆదివారం సాయంత్రం, చర్చి ముందు మైదానంలో. తెల్ల పరదా కట్టారు. ముందు వరసలో డాక్టర్ పెన్యరాండా మోకాళ్ల మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నారు. పక్కనే మేయరు గారు. గుట్టంతా దిగివచ్చింది. ఎదీల్మా జపమాల తిప్పుతోంది.

దగ్గుమందు గ్రంథాలు వచ్చాయి, జ్వరమొచ్చిన ఆవిడ కూడా వచ్చింది. మేయరు గారు కాస్త కదిలారు. తర్వాత కొళాయి. మేయరు గారు తాగారు, కట్ అన్నారు, పరదా మీంచి వెళ్లిపోయారు. సినిమా వెళ్లలేదు. నీళ్లు పారుతూనే ఉన్నాయి, బకెట్లు వస్తూనే ఉన్నాయి. ధార సన్నబడటం మొదలైనప్పుడు నా గొంతు మొదలైంది. చుక్కలు పడుతుంటే "రేయింబవళ్లు" అన్నాను. చుక్కలు ఆగితే "జీవధార" అన్నాను. మా ఆవిడ సగం బకెట్టు ఎత్తుకుని పరదా మీద నడిచిపోయింది. నా గొంతు అంత బాగుంటుందని నాకే తెలియదు. సిగ్గేసింది కూడా, ఎందుకేసిందో చెప్పలేను.

ఎర్మీడెస్ మాట వినబడినా మైదానంలో ఎవరూ నవ్వలేదు. అందరూ తనిఖీ అధికారి వైపు చూశారు. యుర్లే పరదా పక్కన గోళ్లు కొరుక్కుంటోంది. ఎదీల్మా జపమాల ఆపింది. ఇక ట్యాంకరు దక్కినట్టే, మేయరు గారు మునిగినట్టే అని నేను కూడా లెక్క వేసుకున్నాను.

డాక్టర్ పెన్యరాండా కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"నీళ్లయితే వచ్చాయి కదా?"

"వచ్చాయి డాక్టర్" అన్నారు మేయరు గారు.

"తర్వాత ఆగాయి."

"ఆగాయి డాక్టర్."

"మా రాజధానిలో మా ఇంట్లోనూ అంతే. వస్తాయి, ఆగుతాయి." అని, ఇన్ని ఊళ్లు తిరిగాను గానీ నీళ్లు ఆగడం కూడా దాచకుండా చూపించిన నిజాయతీ గల మేయరును ఇక్కడే చూశానని మెచ్చుకున్నారు. అంతరాయాలతో కూడిన సరఫరా అని ధ్రువపరిచారు. మేయరు గారు లేచి యుర్లేని కౌగిలించుకుని, పద్ధతుల్ని ప్రశ్నించడమంటే ఇదీ అన్నారు. ఆ పిల్ల చేతులు రెండూ పక్కలకి వేలాడుతూ ఉండిపోయాయి.

మంగళవారం ట్యాంకరు రాలేదు. కొళాయి ఉన్న పేటకు ట్యాంకరు దుబారా అని నేనే మైకులో చెప్పాను. ఎదీల్మా గుట్ట దిగి, కర్ర పొడుచుకుంటూ మేయరు గారి గదికి వచ్చింది. కొళాయి సంగతి అనుమానంగా ఉంటే ఎవరైనా సినిమా చూసుకోవచ్చని ఆయన ఓపికగా చెప్పారు. ఆ పైన ఆయనకే ఒక ఆలోచన వచ్చింది. వెంటనే కాగితం రాసి నా చేతికిచ్చారు.

"గుట్టవాసులకు శుభవార్త. ఇకపై ప్రతి మంగళవారం, శుక్రవారం, పాత ట్యాంకరు వేళకే, చర్చి మైదానంలో కొళాయి చిత్రం ఉచితంగా ప్రదర్శించబడును."

మోటారు సైకిల్లో మిగిలిన పెట్రోలంతా ఖర్చుపెట్టి గుట్ట చుట్టూ తిరిగి చెప్పాను. ఎవరూ తలుపు తియ్యలేదు.

శుక్రవారం మేయరు గారు పత్రికా విలేఖరిని వెంటబెట్టుకుని మైదానానికి వచ్చారు. కుర్చీలు మడిచి పక్కన పెట్టేసి ఉన్నాయి. మనిషి లేడు. పరదా ముందు నుంచి చర్చి మెట్ల దాకా బకెట్లు, ఒకదాని వెనక ఒకటి, పేలికలు గాలికి ఆడుతూ, ఒక్కోదాంట్లో ఒక్కో రాయి. పక్కన ముక్కాలిపీట మీద కెమెరా, దాని వెనక యుర్లే.

"జనం ఏరీ?" అన్నారు మేయరు గారు.

"వరసలో ఉన్నారు డాక్టర్" అంది ఆ పిల్ల.

"దీనికి మోయిసెస్ చేత వ్యాఖ్యానం చెప్పిస్తావా?"

"దీనికి అక్కర్లేదు డాక్టర్."

విలేఖరి మేయరు గారి మొహం చూస్తున్నాడు. ఆయన బకెట్లను ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చూశారు. టై సర్దుకున్నారు. నా వైపు తిరిగి, హౌస్‌ఫుల్ అని చెప్పు అన్నారు.

మైకు అందుకున్నాను. హౌస్‌ఫుల్ అన్నాను. పరదా మీద కొళాయి పారడం మొదలైంది.

ముందు నుంచి మూడోది, పిడి విరిగితే నీలం తాడు కట్టింది, మా ఇంటి బకెట్టు. పొద్దున అందులో రాయి వేసి అక్కడ పెట్టి వచ్చింది నేనే.