వెయిటింగ్ హాల్లో చలికాలపు సముద్రం

ఆఫీసులో పని కాలేదని ఏడ్చేవాళ్లను చూస్తే జాలేస్తుంది. పని అయిపోతే మళ్లీ అక్కడికి వెళ్తారా? వెళ్లకపోతే గోడ మీది పెయింటింగ్‌ను చూసేదెప్పుడు? దేశంలో కళాభిరుచి బతకాలంటే అర్జీలు పెండింగులో ఉండి తీరాలి!

నమ్మరా? అయితే నాంచారమ్మ సంగతి వినండి. టేకులపల్లి అవతల అడవి అంచు ఊరు ఆమెది. ఊరి పక్కనే బొగ్గు ఓపెన్‌కాస్టు గని. బ్లాస్టింగులకు ఆమె ఇంటి గోడ నిలువునా పగిలింది. తుంటి విరిగిన భర్త పిచ్చయ్య మంచం ఆ గోడ కిందే ఉంది, ఇంట్లో ఉన్నది ఆ ఒక్క గదే. వానలకు గోడ కూలితే మనిషి దక్కడని ఆమె భయం. గోడ బాగు చేయించమని అడగడానికి గని ఆఫీసుకు తొమ్మిదోసారి వచ్చింది.

వెయిటింగ్ హాల్లో కుర్చీ లేదు, ఫ్యాను తిరగదు. కానీ పెయింటింగ్ ఉంది! చలికాలపు సముద్ర తీరం, నిట్టనిలువు రాతి గట్లు, వాటి మీద మంచు, కింద నీలంగా నీళ్లు. మే నెల ఎండలో ఇది చాలదా? ఇంకా కూలర్ ఎందుకండీ?

తొమ్మిదిసార్లూ దాన్నే చూసిన నాంచారమ్మ ఆరోజు ఉండబట్టలేక క్లర్కు ప్రేమ్‌సాగర్‌ను అడిగేసింది. "గిది మన ఓపెన్‌కాస్టే గద సారూ? గట్టు మీద తెల్లగ దుమ్ము, అడుగున నీళ్లు. మరి మా ఇల్లేది?"

ప్రేమ్‌సాగర్ విసుక్కోకుండా పాఠం చెప్పాడు. అది విదేశీ సముద్రమట, ఆ తెలుపు మంచు అట, ఆ పద్ధతిని పోస్ట్ ఇంప్రెషనిజం అంటారట. దగ్గరికి పోతే రంగు మరకలే కనిపిస్తాయి కాబట్టి దూరం నుంచే చూడాలట.

ఈ పద్ధతి ఇంజనీరు గారికీ తెలుసు. నాంచారమ్మ గోడను ఆయన జీపు దిగకుండా రోడ్డు మీది నుంచే చూశారు. పగులు కనిపించలేదు. బ్లాస్టింగు వల్ల ఈ ప్రాంతంలో గోడలు పగలవని రిపోర్టు రాసేశారు. ఒప్పుకుంటున్నట్టు ఆమె వేలిముద్ర వేస్తే ఫైలు మూసేయొచ్చు. ప్రేమ్‌సాగర్ ఇంకుప్యాడు ముందుకు జరిపాడు.

అప్పుడే రెండు గంటల సైరన్ మోగింది. వెనకే బ్లాస్టింగు. కిటికీలు గడగడలాడాయి, పెయింటింగ్ ఓ పక్కకు ఒరిగింది. ప్రేమ్‌సాగర్‌కు ఇది రోజూ ఉండే పనే. లేచి సరిచేయబోయాడు. ఈలోగా దాని వెనకున్నది నాంచారమ్మ కంటపడింది. చెయ్యి దూరేంత పగులు.

ఆమె దగ్గరికి పోలేదు. చెప్పిన పాఠం ప్రకారం దూరం నుంచే చూసింది. వేలిముద్ర మాత్రం వేయలేదు.

"మాకు గూడ గిసొంటి బొమ్మ ఒకటి ఇప్పియ్యుండ్రి సారూ" అంది నెమ్మదిగా. "జెర పెద్దది గావాలె. మా పగులు ముసలాయన మంచం దాంక దిగింది."

న్యాయమైన కోరికే కదా? ప్రేమ్‌సాగర్ దాన్ని కొత్త అర్జీగా రాసుకుని పదోసారి రమ్మన్నాడు. అంతదాకా వానలు పడకుండా చూడాలని పాఠకులకు మనవి!