కోట కూల్చిన కేకలు

ఆదివారం పొద్దున్నే టిఫిన్ ముగించి, తలుపు దగ్గరికేసుకుని, కంప్యూటర్ ఆటలో కోట గెలిచేదాకా కుర్చీ దిగకూడదని ఫణికుమార్ నిశ్చయించుకున్నాడు. మార్కాపురం బజారులో తండ్రి నరసింహారావుకు బట్టల దుకాణం. వారమంతా అక్కడ బేరాలాడి నోరు పడిపోయిన ఫణికి, మాట్లాడనక్కరలేని శత్రువులంటే ప్రాణం. అందుకే ఏ ఆటైనా ఒంటరిగానే ఆడేవాడు. కాలేజీ సెలవులకు కనిగిరిలో తమ ఇంటికొచ్చిన మేనమామ కూతురు మనోజ్ఞ "ఆన్‌లైన్‌లోకి రా బావా, జట్టుగా ఆడదాం" అని ఎన్నిసార్లు పిలిచినా, "నలుగురితో పడాలంటే దుకాణంలోనే కూచుంటా గదా" అనేవాడు.

ఆ పూటా ఆమె పిలుపు తెర మీద మెరిసింది. వద్దని నొక్కబోయి సరేనని నొక్కాడు. కోట ముందు మనోజ్ఞ, ఆమెతో చదివే గిద్దలూరు వెస్లీ తుపాకులతో ప్రత్యక్షమయ్యారు. మైకు కూడా దానంతటదే తెరుచుకుంది. ఎలా బయటపడాలా అని అతడు వెతుకుతుండగానే తల్లి వసుంధర తలుపు తోసుకుని వచ్చి కిటికీ పట్టుకుంది. కిటికీ అవతల మిద్దె మీద వడియాలు ఎండుతున్నాయి. వాటికి కాపలా నరసింహారావు. కోతుల దండు దిగింది.

"ఏమండీ! ఎడమ పక్క చూడండి! ట్యాంకు ఎనకాల నక్కినాయి!"

అది నీళ్ల ట్యాంకని గిద్దలూరులో ఉన్నవాడికేం తెలుసు? వెస్లీ కోటకు ఎడమవైపున్న యుద్ధట్యాంకు వెనక్కి బాంబు విసిరాడు. అక్కడ నిజంగానే శత్రువులు నక్కి ఉన్నారు.

"ఎవరు అన్నా, ఆ మేడమ్? భలే కనిపెట్టింది!" అన్నాడు వెస్లీ.

"మా అమ్మ. ఆటలో లేదు" అన్నాడు ఫణి. ఎవరూ వినలేదు.

"చిన్నవాటి ఎంటపడితే ఏం లాభం? ముందు ఆ పెద్దదాన్ని తరమండి! అదే అన్నిట్నీ ఎగదోస్తాంది!"

జట్టంతా శత్రుసైనికులను వదిలేసి వాళ్ల దళపతి మీద పడింది. అంతలో మనోజ్ఞ "ఎనక! ఎనక చూడు!" అని వెస్లీని హెచ్చరించింది. ఆ అరుపు స్పీకరులోంచి కిటికీ దాటింది. నరసింహారావు గిరుక్కున వెనక్కి తిరిగాడు. ఓ కోతి వడియాలు పెట్టిన పాతచీరను కొసపట్టి లాగుతోంది! కర్ర ఎత్తబోయి, కాలు జారి, పచ్చి వడియాల మీద చతికిలబడ్డాడు. ఆ చప్పుడుకు కోతులు పరార్. ఇక్కడ ఆటలో దళపతి పడి, కోట కూలింది.

"గెలిచినాం!" స్పీకరు అదిరిపోయింది. "అత్తా, అంతా నీ చలవే. రేపు గూడా రావాల!"

"మనోజ్ఞా, నువ్వా తల్లీ? రేపు అప్పడాలు ఎండబెడతా. వస్తాలే."

"నన్ను లేపేదానికి ఎవరన్నా ఉన్నారా?" మిద్దె మీంచి నరసింహారావు గొంతు వినబడింది.

గెలిచినవాళ్లలో ఫణి పేరూ ఉంది. అతను పేల్చిన తూటా మాత్రం ఒక్కటీ లేదు.

మర్నాడు దుకాణం నుంచి భోజనానికి వచ్చేసరికి అతని కుర్చీలో అమ్మ. గది నిండా నవ్వులు. తను ఆడినన్నాళ్లూ ఆ గదిలో ఎవరూ నవ్వలేదని అతనికి అప్పుడు తట్టింది. గడప దాటి మైకు దగ్గరికి వంగాడు.

"మనోజ్ఞా, నేను గూడా వస్తా" అన్నాడు చివరికి.

"జట్టు నిండింది బావా. అత్త కుక్కర్ దించను పోయినప్పుడు రా."

ఆ మర్నాడు ఫణికుమారే పప్పు కడిగి కుక్కర్ ఎక్కించి, అమ్మ కూచున్న కుర్చీ పక్కన నిలబడి విజిల్ కోసం చెవులు రిక్కించాడు.