ఇస్సాకు మజ్జిగపులుసు దిగ్విజయం

కృష్ణవేణి సముద్రుణ్ణి చేరే తొందరలో పాయలు పాయలుగా విడిపోయే దిగువసీమలో, కిటికీ ఊచలనూ మనుషుల మోకాళ్ళనూ ఏ పక్షపాతమూ లేకుండా తుప్పు పట్టించే ఉప్పుగాలి నిత్యం సంచరించే మచిలీపట్నంలో, చర్చిల్లో ఆరాధనలు ముగిసి కడుపుల్లో ఆకళ్ళు మొదలయ్యే ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట వేళ, బస్టాండు వెనక వీధిలోని ఒకానొక భోజన హోటల్లో జరిగిన ఘోర సంగ్రామాన్ని వినిపిస్తాను. సభాసదులారా, ఆకులు ముందుకు లాక్కోండి, చెవులు ఇటు పడేయండి!

ఈ గాథకు నాయకుడు ఇస్సాకు. యాభైతొమ్మిది వసంతాలూ అన్నే తుఫాన్లూ చూసినవాడు, కోడూరు వాస్తవ్యుడు, దివిసీమలో ముప్పై ఏళ్ళపాటు పెళ్ళి పంక్తులలోనూ చర్చి ప్రేమవిందులలోనూ పులుసు బకెట్టు పట్టి, తిన్నవాణ్ణి తిన్నచోటు నుంచి లేవలేకుండా చేసిన వడ్డనధురంధరుడు, గరిటెగాండీవధారి, పంక్తిభయంకరుడు. ఆ మహానుభావుడు మరెవరో కాదు, నేనే. తన డప్పు తాను కొట్టుకోకూడదని తెలుసు. కొట్టేవాళ్ళు ఇంకెవరూ దొరకలేదు. అయితే వీరగాథలో ‘నేను’ అంటే బరువు చాలదు కనుక ఇకమీదట ఇస్సాకు అనే అంటాను.

కృత్తివెన్నులో రొయ్యల చెరువుల కాపలా పని పోయాక ఇస్సాకు ఈ హోటల్లో వడ్డించడానికి చేరి అప్పటికి ఆరు రోజులు. తోటి యోధులు ఇద్దరు. సైన్యాధిపతి వినీల, ఇరవైనాలుగేళ్ళ సూపర్‌వైజరు. పది టేబుళ్ళ ఆర్డర్లు కాగితం లేకుండా బుర్రలో పెట్టుకునే ప్రజ్ఞాశాలిని. రెండోవాడు కళ్యాణ్, ఇరవైరెండేళ్ళవాడు. ఎడమచేతి మీద అయిదు పళ్ళేలు పేర్చుకుని కుర్చీల మధ్య నుంచి కొర్రమీనులా జారిపోయే లాఘవశాలి.

మరి శత్రువెవరు అంటారా? వాళ్ళిద్దరి గౌరవం! ఇస్సాకు పళ్ళెం ఎత్తాడో లేదో కళ్యాణ్ ఎగిరి వచ్చి లాక్కునేవాడు.

"మీకెందుకండీ అంకుల్, నడుం పట్టేసిద్ది. ఇటివ్వండి."

బకెట్టు మీద చెయ్యి వేస్తే వినీల అడ్డం వచ్చేది.

"మా నాన్నకంటే పెద్దోళ్ళు మీరు. మీతో మోయించుకుంటే మాకు పాపం తగులుద్దండీ అంకుల్‌గారూ. ఫ్యాను కింద కూర్చోండి."

కత్తికి కత్తి అడ్డం పెట్టవచ్చు, రాయికి తల అడ్డం పెట్టవచ్చు, మర్యాదకు ఏం అడ్డం పెడతాం? ఆరు రోజుల అవిశ్రాంత సమరంలో ఇస్సాకు సాధించిన ఘనకార్యమల్లా సోంపు గిన్నెలు నింపడం. కూర్చుని కూర్చుని ఆ కుర్చీకి కూడా ఆయనంటే విసుగు పుట్టింది.

శనివారం సాయంత్రం, వంటగదిలో యజమాని ప్రభాకర్ గారు వినీలతో అంటున్న మాట ఇస్సాకు చెవిన పడింది.

"ఆయన మంచోడేనమ్మా, కాదన్ను. కానీ కూర్చోబెట్టడానికి మనిషెందుకు చెప్పు? రేపు రష్‌లో చూస్తాను. పనికొస్తే ఉంటాడు. లేదంటే నువ్వే మర్యాదగా చెప్పేయ్."

మళ్ళీ మర్యాదే! ఇంకో పని దొరికే వయసు కాదు, ఇంట్లో ఖాళీగా ఉండే మనసూ కాదు. వీరగాథ కనుక దాచాలి గాని, దాచను: ఆయన భయపడ్డాడు.

తెల్లవారింది. ఆదివారమై కూర్చుంది. హోటల్ తలుపులు తెరవడమే తడవు, గుడివాడ బస్సు దిగినవారూ, చంకలో బైబిళ్ళతో కుటుంబసమేతంగా వచ్చినవారూ, కుర్చీ దొరక్క తినేవాళ్ళ వీపుల వెనక నిలబడి ఒక్కొక్క ముద్దా లెక్కపెడుతున్నవారూ, "బాబూ అన్నం!" "అమ్మాయ్ పప్పు!" అని దిక్కులు పిక్కటిల్లేలా అరిచేవారూ కలిసి, ఆ ఇరుకు హాలును క్షుధార్తజనఘోషభీషణ రణరంగంగా మార్చివేశారు. కళ్యాణ్ రెండు చేతులా అన్నం పళ్ళేలు. వినీల పార్సిళ్ళ గుంపు మధ్య బందీ. గల్లాపెట్టె దగ్గర నుంచి ప్రభాకర్ గారి చూపు ఫ్యాను కిందికే. వంటగది గుమ్మంలో, దిక్కులేకుండా, నిండుగా, మజ్జిగపులుసు బకెట్టు!

ఇస్సాకు లేచాడు. మోకాళ్ళు శంఖారావంలా కాదు గాని, పాత తలుపులా మోగాయి. బకెట్టు ఎత్తాడు.

"అంకుల్, మీరొద్దండీ, నేనొస్తున్నా!" అని కళ్యాణ్ అటు నుంచి కేక వేశాడు.

"తొలగుము కుమారా! దివిసీమ పంక్తులను పులుసుతో ముంచెత్తిన ఈ బాహువులు సోంపు గిన్నెలకు పరిమితమగుటా? నేడు ఈ గరిటె నాట్యమును లోకమెల్ల తిలకించుగాక!" అని ఇస్సాకు గర్జించాడు. మనసులో గర్జించాడు. పైకి అన్నది మాత్రం, "జరుగు బాబూ."

అయిదో టేబుల్. మొదటి మూడు ఆకుల్లో మూడు గరిటెలు, చుక్క ఒలకలేదు. నాలుగో ఆకు వెంకటసుబ్రహ్మణ్యం గారిది; తాలూకా ఆఫీసులో గుమాస్తా చేసి రిటైరైన పెద్దమనిషి.

"చాలండీ," అన్నారాయన.

ఇక్కడ పంక్తిధర్మం చెప్పాలి. దివిసీమ విందుల్లో మొదటి ‘చాలు’ మర్యాద, రెండోది మొహమాటం, ఆకుకు చేతులు అడ్డం పెట్టడమంటే ఇంకో గరిటె బాకీ. తినేవాడు అడగకూడదు, వడ్డించేవాడు ఆగకూడదు. ఆయన రెండోసారి వద్దన్నారు. ఇస్సాకు చిరునవ్వు నవ్వాడు. ఆయన రెండు చేతులూ ఆకు మీద పరిచారు. ఇస్సాకు పరవశించి, "పర్లేదు, వేయించుకోండి!" అంటూ వేళ్ళ మీదుగా రెండు గరిటెలు కుమ్మరించాడు. గోరువెచ్చని పులుసు చేతులు దాటి, ఆకు దాటి, టేబుల్ దాటి నేల మీదికి ఉరికింది.

"జలుబండీ బాబూ! వద్దంటే వినరేంటండీ!"

కళ్యాణ్ నోరు తెరిచాడు. పార్సిళ్ళ గుంపును చీల్చుకుంటూ వినీల వచ్చి విరుచుకుపడింది.

"ఇస్సాకూ! వద్దు వద్దంటుంటే వినపడట్లా నీకు? పెళ్ళనుకున్నావా ఇది? ముందాయన చేతులు కడిగించు, కొత్తాకు వెయ్యి, నేల తుడువు. తుడిచి ఆరో టేబుల్‌కి అన్నం పట్రా. కదులు!"

ఇస్సాకు కదిలాడు. అవమానం కలగాలి కదా, కలగలేదు. క్షమాపణ చెప్పి చేతులు కడిగించాడు, కొత్త ఆకు వేశాడు, తుడుపు కర్ర పట్టి నేల తుడుస్తుంటే ఒళ్ళంతా పొంగిపోయింది. ఆరు రోజుల్లో ఆయనకు ఎవరైనా పని చెప్పడం అదే మొదటిసారి. గల్లాపెట్టె దగ్గర ప్రభాకర్ గారు, ఇక కూర్చోబెట్టాల్సిన మనిషి కాదని తేలినట్టు, చూపు తిప్పుకుని చిల్లర ఇవ్వడంలో పడ్డారు.

ఇంతలో ఘోర ప్రమాదం! వినీల నాలుక కరుచుకుని, ముఖం చిన్నబుచ్చుకుని దగ్గరకు వచ్చింది.

"సారీ అంకుల్‌గారూ, నోరు జారాను. ఆ కర్ర ఇటివ్వండి, మీరు ఫ్యాను కింద..."

ఇస్సాకు కర్రను గుండెలకు హత్తుకున్నాడు.

"ఇవ్వను తల్లీ. ఆరో టేబుల్‌కి అన్నం నేనే తేవాలి."

వినీల చేతులు నడుం మీద పెట్టుకుంది.

"అయితే నిలబడి చూస్తావేం? చల్లారిపోద్ది, పట్రా!"

దేవదుందుభులు మోగలేదు, పుష్పవృష్టి కురవలేదు. మజ్జిగపులుసు మాత్రం పంట్లాం మోకాళ్ళదాకా కురిసింది. సకలజనులారా, వినండి! యాభైతొమ్మిదేళ్ళ ఇస్సాకు, మచిలీపట్నం నడిబొడ్డున, పట్టపగలు, నిండు హాల్లో, ఇరవైనాలుగేళ్ళ పిల్లచేత ఒక్క పూటలో రెండు తిట్లు తిని, ఆరో టేబుల్‌కి అన్నం వేడివేడిగా చేర్చాడు.