నాలుగూ ఇరవై అయిదు సర్వీసు

డెబ్బై దాటినవాళ్లకు బెంగ ఒక వరం! దాన్ని మాటలతో నయం చేస్తామని బయల్దేరిన కౌన్సెలర్లను చూస్తే నాకు ఒళ్లు మండుతోంది.

మా నాన్ననే తీసుకోండి. ముప్పై ఏళ్లు బస్ డిపోలో టైమ్‌కీపర్. రిటైరయ్యాక పంపడానికి బస్సులు లేవు కనక బెంగలు పంపడం మొదలుపెట్టారు. గ్యాస్ కట్టేశామా? తాళం సరిగ్గా పడిందా? ఇది మామూలు దగ్గేనా? ఇంత నమ్మకమైన కాపలా ఎవరింటికి దొరుకుతుంది? అలారానికైనా బ్యాటరీ అయిపోతుంది, మా నాన్నకు అవదు!

మా ఆవిడ వింటేగా! "మావయ్యగారు అన్నం సగంలో లేచిపోతున్నారండీ, నిద్ర కూడా లేదు" అంటూ కౌన్సెలరమ్మ దగ్గరికి పంపింది. తీసుకెళ్లే పని నాది. వారానికోసారి ఆయన లోపల ముప్పావుగంట మాట్లాడేవారు, నేను బయట కుర్చీలో ఫోన్ చూసుకునేవాణ్ణి. మాటలే మందైతే మెడికల్ షాపులన్నీ మూసేసుకోవాలిగా?

కౌన్సెలరమ్మ ఒక పని చెప్పింది. రోజంతా కాకుండా సాయంత్రం నాలుగు నుంచి నాలుగున్నర దాకానే బెంగపడాలి. భయపడినది జరిగిందో లేదో నోటుబుక్కులో రాయాలి. టైమ్‌కీపర్ చేతికి టైమ్‌టేబుల్ ఇస్తే ఊరుకుంటాడా? నాన్న స్కేలు పెట్టి మరీ గళ్లు గీశారు.

నెల తిరిగేసరికి మా ఇంట్లో ఘోరం జరిగిపోయింది. ఆయన కడుపునిండా తిని, హాయిగా గురక పెడుతున్నారు! తాళం లాగి చూసే నాథుడే లేడు.

నిన్న కౌన్సెలరమ్మ నన్ను లోపలికి పిలిచింది. "నాన్నగారు ఇక వారం వారం రానక్కర్లేదండీ. ఆయన్ని అడిగే ఇది చూపిస్తున్నాను. ఆఖరి గడి మాత్రం నా చేతిలో లేదు" అని నోటుబుక్కు ఇచ్చింది.

4:00 గ్యాస్ పేలుడు – రాలేదు. 4:10 గుండెపోటు – రాలేదు. 4:20 దొంగలు – రాలేదు. నాకు నవ్వాగలేదు.

4:25 అబ్బాయి, కాసేపు కూర్చోడానికి – రాలేదు.

పేజీలన్నీ తిప్పాను. అన్నిట్లోనూ అదే. ఒక్కరోజైనా ఆయన ఆ సర్వీసు రద్దు చేయలేదు. నాకు సిగ్గేసింది.

బెంగ వరమనడానికి ఇంకో నాలుగు కారణాలు రాసిపెట్టుకున్నాను, పాఠకులారా. ఎడిటర్‌గారు కూడా మరో పేరా కావాలంటున్నారు. కానీ టైము నాలుగూ ఇరవై మూడు. పక్కగదిలో నాన్న పెన్ను వెతుక్కుంటున్నారు.

ఆలస్యంగా వెళ్తే, అదీ రాస్తారు!