స్టోర్‌కీపర్ లాగిన్

పదింటి టీ లోపు ముగిసిపోయే పని అనుకుంది చిన్నమ్మాయి. ఆమెకు నలభై ఆరేళ్లు. ఇరవై రెండేళ్ల కిందట ల్యాబులో అందరికంటే చిన్నదిగా చేరినప్పుడు పడ్డ పిలుపు అది. జుట్టు నెరిసింది గానీ పిలుపు నెరవలేదు.

ఆ రోజు మాస్టారి ఉద్యోగానికి ఆఖరి రోజు. అణువులను చదివి, పోల్చి, వెతికిపెట్టే ఐదు సాఫ్ట్‌వేర్లు ఆయన చేతిలో, ఆ ల్యాబులో పుట్టాయి. ఐదూ ఒక ఓపెన్ సోర్స్ కెమిస్ట్రీ లైబ్రరీ మీద కట్టినవే. అంటే ఎవరెవరో రాసి, ఎవరైనా వాడుకోండని ఉచితంగా వదిలేసిన కోడు. దాని నిర్వాహకులకు ఇన్నాళ్లకు బుద్ధి పుట్టి, మా కోడు మీద ఎవరేం కట్టారో పేర్లతో జాబితా వేస్తాం, ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు లోపు పంపండి, తర్వాత మార్చం అన్నారు. మాస్టారు ఎన్నడూ తన పేరు వేసుకున్న మనిషి కాదు. ఈ జాబితా తప్పితే ఆ పేరు ఇంకెక్కడా మిగలదు.

"ఈసారి వదలను ఆంటీ. వేయించే తీరతాను," అని మాస్టారి భార్యకు ఫోన్లో మాటిచ్చేసింది కూడా.

పాత కోడులో ప్రతి వరుసనూ ఎవరు రాశారో నమోదై ఉంటుంది. ఆ పేర్లు వాటంతటవే జాబితాలోకి ఎక్కేలా చిన్న ప్రోగ్రాం రాసి, మీట నొక్కి, వీడ్కోలు సభకు కుర్చీలు వేయించడానికి వెళ్లింది. తిరిగొచ్చి చూస్తే ఐదు సాఫ్ట్‌వేర్ల పక్కనా ఒక్కటే పేరుంది. స్టోర్‌కీపర్ది.

తప్పెక్కడ జరిగిందో తెలియడానికి క్షణం పట్టలేదు. ఆ రోజుల్లో ల్యాబు మొత్తానికి ఒక్కటే కంప్యూటరు. స్టోరు సామానుగా వచ్చింది కనుక లాగిన్ స్టోర్‌కీపర్ పేరిట ఉండేది. పాస్‌వర్డ్ చీటీ ఆయన చొక్కా జేబులో. ఆయన భోజనానికి వెళితే సైన్సు కూడా భోజనానికి వెళ్లేది. కాలు పొట్టిదైన బెంచీ కింద ఫిల్టర్ కాగితం మడిచిపెట్టి, ముగ్గురేసి ఇరుక్కుని, కీబోర్డు లాక్కుంటూ మాస్టారితో సహా ఆరుగురూ ఐదేళ్లు ఆ ఒక్క పేరు మీదే రాశారు.

"ఆయన స్టోర్‌కీపర్. కెమిస్ట్రీ చదవలేదు, ప్రోగ్రామింగ్ రాదు. దయచేసి సవరించండి," అని నిర్వాహకులకు హడావుడిగా రాసింది. వాళ్లు సవరించారు. పేరు కింద "ఏ చదువూ లేకుండానే ఇంత సాధించిన మనిషి" అని చేర్చారు. మూడింటికి దేశదేశాల వాళ్లు చూసే సమావేశంలో మాట్లాడమని ఆహ్వానమూ పంపారు. అది డైరెక్టర్ కంటబడింది. ఇంతటివాణ్ణి ఇన్నేళ్లూ సీసాల మధ్య కూర్చోబెట్టామా అని ఆయన నొచ్చుకుని, సభ బ్యానర్ మీద స్టోర్‌కీపర్ పేరు పెద్దక్షరాల్లో రాయించమన్నాడు.

పదకొండున్నరకు స్టోర్‌కీపర్ ఫోను పట్టుకుని ఆయాసపడుతూ వచ్చాడు.

"చిన్నమ్మాయ్, నా పేరు మీద ఐదు సాఫ్ట్‌వేర్లున్నాయట. అరవై మంది అభినందనలు పంపారు. నా రిజిస్టర్లో ఒక్కటీ లేదు."

"అవి స్టోరు సామాన్లు కావు బాబాయ్."

"రేపు ఆడిట్‌వాళ్లు చూపించమంటే? నేను తీసుకోలేదు, ఎవరికీ ఇవ్వలేదు. ఆ ముక్క రాసిపెట్టు, సంతకం చేస్తా."

"ఇక్కడ నాకు తల తీసి మొలేసినట్టుంది. నీకు ఆడిట్ గోల. మాస్టారికి తెలిస్తే..."

"ఏం తెలిస్తే?" అన్నారు గుమ్మంలోంచి మాస్టారు.

మాస్టారు కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, తెరకు ముక్కు ఆనించినంత దగ్గరగా చదివి, నవ్వడం మొదలుపెట్టారు.

"సరిగ్గానే పడింది కదా."

"సరిగ్గానా? రాసింది మీరు మాస్టారూ."

"రాశాను. తప్పు రాశాను. పోలికలు పట్టే ప్రోగ్రాం నెల రోజులు చెత్త చూపిస్తే, ఈయన స్టోర్లో సీసాలన్నీ ఒక్కొక్కటే తెర మీద సరిచూశాడు. ఏమన్నావయ్యా ఆ రోజు?"

స్టోర్‌కీపర్ సిగ్గుపడ్డాడు. "ఏముంది సార్. రెండు సీసాలు. ఒకటి పుదీనా వాసన, ఒకటి షాజీరా వాసన. మీ మిషను రెండూ ఒకటే అంది. దానికి జలుబు చేసిందేమో చూడండి అన్నాను."

ఆ రెండు అణువులూ ఎడమకాలి చెప్పూ కుడికాలి చెప్పూ లాంటివి. మాస్టారి ప్రోగ్రాం ఆ తేడా వదిలేసింది. ఆ జలుబు కుదిరాకే మిగతా నాలుగు సాఫ్ట్‌వేర్లూ పుట్టాయి.

"మరి మీ పేరు?" అంది చిన్నమ్మాయి. "ఆంటీకి మాటిచ్చాను."

"వేయి. ఆయన కింద నాది, నా కింద నీది. మిగిలినవాళ్లనీ చెబుతాను, రాసుకో."

టైపిస్టు. ఇద్దరు పరిశోధక విద్యార్థులు. గాజు పనివాడు. ఒక్కో పేరు దగ్గరా మాస్టారు ఆగి, ఎవరు బెంచీకి ఏ చివర కూర్చునేవారో, తన వంతు రాలేదని ఎవరు దగ్గేవారో చెప్పారు. గాజు పనివాడి పేరు చిన్నమ్మాయి రెండుసార్లు సరిచూసి మరీ కొట్టింది. ఆయన పోయి తొమ్మిదేళ్లు.

పన్నెండుకు రెండు నిమిషాలుండగా ఏడు పేర్లూ ఎక్కాయి.

మూడింటికి స్టోర్‌కీపర్‌ని కెమెరా ముందు కూర్చోబెట్టారు. ఎక్కడి నుంచో ఒక శాస్త్రవేత్త, తమకు కావలసిన కొత్త సదుపాయం ఒకటి ఆ సాఫ్ట్‌వేర్లలో చేర్చగలరా అని అడిగింది. చిన్నమ్మాయి ఆ ప్రశ్నను విడమరిచి చెప్పింది.

"దానికేముంది," అన్నాడు స్టోర్‌కీపర్, స్టోరుకు సామాను అడగొచ్చినవాళ్లకు ముప్ఫయ్యేళ్లుగా చెప్పే అలవాటు కొద్దీ. "కావలసింది రాసి ఇండెంటు పెట్టమను. మూడు కాపీలు."

మాస్టారు అందరి దగ్గరా సెలవు తీసుకునే వేళకు ఏడు దేశాల నుంచి ఇండెంట్లు వచ్చి ఉన్నాయి, మూడేసి కాపీల చొప్పున.