మూడో క్లారినెట్‌కు మాటలుండవు

శనివారం పొద్దున్న ఎంగెల్‌బెర్ట్ జౌనర్ పెట్టుకున్న పనుల్లో విశేషమేమీ లేదు. ఊరి కార్యాలయంలో నాలుగు కాగితాలకు నకళ్లు తీయాలి, నాలుగు కవర్లలో పెట్టాలి, నలుగురికి అందజేయాలి. పన్నెండు కొట్టేసరికి భార్య హెర్మీన్ చేసే మాంసం సూపు ముందు కూర్చోవాలి.

ఆయన క్రెట్సెన్‌డార్ఫ్ ఊరి బ్యాండుకు మాస్టారు. అంతకుముందు ముప్ఫై ఒక్క ఏళ్లు ఆ ఊరికే పోస్ట్‌మ్యాన్. ఈ వసంతకాలపు కచేరీకి ‘ద్రాక్షతోట దొరసాని’ అనే పాతకాలపు ఆపెరెట్టా, అంటే సరదా పాటల నాటకంలోంచి ఒక పాటను బ్యాండు కోసం తిరగరాశాడు. వయొలిన్లూ గాయకులూ ఉంటే తప్ప నడవని సంగీతం అది. క్రెట్సెన్‌డార్ఫ్‌లో ఊదేవాళ్లే తప్ప మీటేవాళ్లూ పాడేవాళ్లూ లేరు. అందుకని దొరసాని గొంతును బేకరీ నోట్‌బుర్గా ఊదే ఫ్లూగెల్‌హార్న్‌కు, జమీందారు గొంతును ఆమె భర్త కిలియన్ ట్యూబాకు, ప్రియుడి గొంతును చర్చి ఫాదర్ బెనో సాక్సఫోన్‌కు పంచాడు. వెనకాల ‘చక్ చక్’ అని తాళం నిలబెట్టే పని ఎప్పటిలాగే మూడో క్లారినెట్‌ది. అది హెర్మీన్ వాయిస్తుంది.

మనవాళ్లు బంగాళాదుంపల బస్తాలు దించినట్టు ఊదుతారని ఆయన బాధ. పాడినట్టు ఊదాలంటే పాటలో మాటలు తెలియాలి. అందుకని స్వరాలను పెన్సిల్‌తో రాసి, వాటి కింద పాట మాటలను నల్ల సిరాతో రాశాడు. కార్యాలయంలో నకలు తీసే యంత్రానికి ఆ రోజు ఓపిక తక్కువగా ఉంది. సిరాను పట్టుకుంది, పెన్సిల్‌ను వదిలేసింది. ఎంగెల్‌బెర్ట్ చూసుకోలేదు. కవరులో ఏముందో చూడకపోవడం ఆయనకు ముప్ఫై ఒక్క ఏళ్ల అలవాటు.

బేకరీలో నోట్‌బుర్గా కవరు విప్పింది. మాస్టారి చేతిరాత. “నా ప్రాణమా, ఇరవై ఏళ్లుగా మౌనంగా ఉన్నాను. ఆదివారం ఆరింటికి ద్రాక్షతోటకు ఒంటరిగా రా.” ఇంకేమీ లేదు. ఆమె గబగబా కాగితం మడిచి పిండి డబ్బా వెనక దాచి, క్షౌరశాలకు ఫోను చేసి, ఆదివారానికల్లా జుట్టు ఉంగరాలుగా చుట్టాలంది.

ట్రాక్టర్ల షెడ్డులో కిలియన్ తన కవరు విప్పాడు. “నా తోట నువ్వు తీసుకో, నీ భార్యను నాకిచ్చెయ్. చేతులు కలుపుదాం.” కిలియన్‌కు మొదట కోపం వచ్చింది. కాసేపటికి మాస్టారి తోట రోజంతా ఎండపడే దక్షిణపు వాలులో ఉందని గుర్తొచ్చింది.

ఫాదర్ బెనోకు వచ్చింది ఇది: “పాపమైతే కానీ, నేనే మోస్తాను. ఆ పెదవులను మాత్రం వదులుకోను.” ఒక మనిషి నోటితో చెప్పలేక కాగితంమీద పాపం ఒప్పుకుంటున్నాడని ఆయన జాలిపడ్డాడు. ఆదివారం ప్రార్థనలో వ్యభిచరించరాదన్న ఆరో ఆజ్ఞమీద ఇరవై నిమిషాలు మాట్లాడాడు, ఎంగెల్‌బెర్ట్ వైపు నుంచి కళ్లు తిప్పకుండా. ఎంగెల్‌బెర్ట్ ప్రతి వాక్యానికీ తలూపాడు. బయటికొస్తూ చెయ్యి కలిపాడు.

“చాలా బాగా చెప్పారు ఫాదర్. తగలాల్సినవాళ్లకి తగిలే ఉంటుంది.”



ఆ మధ్యాహ్నం ఇంట్లో సూపులో ఉప్పు లేదు. హెర్మీన్ కవరు కూడా శనివారమే ఆమె కాఫీ కప్పు పక్కన పెట్టి ఉంది.

“కాగితం చూశావా?” అన్నాడు ఎంగెల్‌బెర్ట్.

“చూశాను.”

“కష్టంగా ఏమైనా ఉందా?”

“కష్టమేముంది? ఇరవై ఆరేళ్లుగా అలవాటేగా.”

“అదీ మాట! నీకైతే చూడకుండానే వచ్చేస్తుందనుకున్నా,” అని ఆయన ఇంకో గరిటె వేసుకున్నాడు.

సాయంత్రం ఆరింటికి, మంచు పడి మొగ్గలు మాడతాయేమోనని చూడడానికి ఆయన తోటకు వెళ్లాడు. అక్కడ కిలియన్ వేలు చూపిస్తూ “నలభై రెండు, నలభై మూడు” అని ద్రాక్ష వరసలు లెక్కపెడుతున్నాడు. అవతలి గట్టుమీంచి నోట్‌బుర్గా పండగ గౌనులో దిగుతోంది.

“నువ్వేంటి ఇక్కడ?” అంది మొగుణ్ణి చూసి.

“నువ్వేంటి? ఆ జుట్టేంటి?”

“మాస్టార్ని తిట్టడానికొచ్చా.”

“తిట్టడానికి జుట్టెందుకే?”

ఆమె అతని చేతిలో కాగితం లాక్కుని చదివింది. “నన్ను తోటకి మార్చుకుంటావా?”

“మార్చుకోలా. వరసలు లెక్కపెట్టా, అంతే!”

ఇంతలో, నోట్‌బుర్గా తోటవైపు వెళ్లడం చూసి, ఒక ఆత్మను కాపాడడానికి ఫాదర్ బెనో రొప్పుతూ వచ్చాడు. ముగ్గురూ కాగితాలను ఎంగెల్‌బెర్ట్ ముఖంమీద ఆడించారు. ఆయన వాటిని అందుకుని చూశాడు. ముఖం పాలిపోయింది.

“స్వరాలేవి? ఒక్క స్వరం కూడా లేదే!”

“మాట మార్చకండి మాస్టారూ,” అన్నాడు కిలియన్.

ఎంగెల్‌బెర్ట్ కోటు జేబులోంచి అసలు కాగితాలు తీసి, ఏది ఎవరి పాటో చూపించాడు. నిజం తెలిశాక వాళ్లు సంతోషించాల్సినంత సంతోషించలేదు.

“అయితే ఇందులో ఒక్క ముక్కా మీది కాదా?” అంది నోట్‌బుర్గా.

“నాదెలా అవుతుంది? ఇది ఆపెరెట్టా!”

“ఛ!” అని ఆమె భర్త చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కుపోయింది. అనవసరంగా ఖర్చైన ప్రసంగాన్ని తలుచుకుంటూ ఫాదర్ కూడా బయల్దేరాడు.

అప్పుడు కనిపించింది హెర్మీన్, గేటు దగ్గర. చేతిలో ఆమె కాగితం. దానిమీద రెండు వైపులా ఏమీ లేదు.

“ఊళ్లో అందరికీ ఏదో ఒకటి రాశావని తెలిసింది. నాకు తెల్లకాగితం ఇచ్చావు,” అంది.

“మూడో క్లారినెట్‌కు మాటలుండవు హెర్మీన్. ఉత్త చక్ చక్.”

అన్నాక గాని, ఏమన్నాడో ఆయన చెవికి తగల్లేదు.

మర్నాడంతా ఎంగెల్‌బెర్ట్ బల్ల దగ్గరే ఉన్నాడు. దొరసాని పాటను మొత్తం క్లారినెట్‌కు మార్చి, ఈసారి స్వరాలమీద కూడా సిరా దిద్ది, సాయంత్రం తీసుకెళ్లి భార్య ముందు పెట్టాడు. ఫ్లూగెల్‌హార్న్ ఊరుకోదని తెలుసు. కచేరీ ఆగిపోయినా సరేననుకున్నాడు.

హెర్మీన్ కళ్లద్దాలు పెట్టుకుని చివరిదాకా చూసి తిరిగిచ్చేసింది.

“పాట నోట్‌బుర్గాకే ఇవ్వు. నాకు స్వరాలు తీసేసి ఇవ్వు,” అంది.

“తీసేస్తే దొరసాని మాటలే కదా మిగిలేది?”

“అవీ తీసెయ్.”

ఆయన మళ్లీ బల్ల దగ్గరికి వెళ్లాడు. రెండు రోజులు పట్టింది. మూడు వాక్యాలు వచ్చాయి, మూడూ ఆయనవే. కవరులో పెట్టి, అంటించే ముందు జీవితంలో మొదటిసారి లోపల ఏముందో తీసి చూసుకుని, ఆమె కప్పు పక్కన పెట్టాడు.

హెర్మీన్ అది రెండుసార్లు చదివి, ఒక అక్షరదోషం దిద్ది, దాచుకుంది.