చప్పట్లు కొట్టే విలన్

మీరు చేసిన పనికి ఇంకొకరు పేరు కొట్టేస్తున్నారా? అయితే మీ అంత అదృష్టవంతులు ఈ భూమ్మీద లేరు!

అలా మొహం చిట్లించకండి. కాస్త నిదానంగా ఆలోచించండి. పేరొచ్చినవాడి బతుకు ఏమంత బాగుంటుందని? ఫోటోకి నవ్వాలి. మైకు పట్టుకుని నాలుగు ముక్కలు మాట్లాడాలి. ఇంతకన్నా గొప్ప పని ఎప్పుడు చేస్తావని కనబడ్డవాళ్లంతా అడుగుతారు. పని బెడిసికొడితే అందరూ వచ్చి అతని కాలరే పట్టుకుంటారు. పేరు లేనివాడికి ఈ బెడద లేదు. తన డబ్బా మూత తాను తీసుకుని, తన అన్నం తాను తిని, వేళకి ఇంటికి పోవచ్చు. పేరు కొట్టేసేవాడు నిజానికి మన నెత్తిమీద బరువు దింపుతున్న పుణ్యాత్ముడు!

నమ్మకం కుదరకపోతే విలనమ్మ సంగతి వినండి.

విలనమ్మ వీడియో గేములు తయారుచేసే ఒక ఆఫీసులో డిజైనరు. ఎనిమిదేళ్లుగా ఆ ఆఫీసు గేముల్లో జనం కాల్చి పారేసిన దుర్మార్గులందరూ ఆవిడ చేతిలో పుట్టినవాళ్లే. అందుకే ఆ పేరు. మనిషి మాత్రం పరమ సాధువు. లిఫ్టులో ఎవరైనా తన కాలు తొక్కితే, అడ్డం పెట్టినందుకు తనే సారీ చెబుతుంది.

ఆవిడ పై అధికారి క్రియేటివ్ హెడ్. ఆయన్ని వెనకాల అందరూ మనంగారు అంటారు. తెలుగు వ్యాకరణంలో సర్వనామాల పాఠం ఆయన దగ్గరే నేర్చుకోవాలి. పని అప్పగించేటప్పుడు "మీరు". పని పూర్తయ్యాక "మనం". పైవాళ్ల ముందు "నేను". ఎక్కడైనా తేడా వస్తే "ఆవిడ". ఇన్ని మాటలున్న భాషని ఇంత పూర్తిగా వాడుకున్నవాళ్లు ఇంకెవరున్నారు?

ఆ ఆఫీసు పెద్ద గేము ఒక జట్ల కాల్పుల ఆట. ఇటు ఐదుగురు, అటు ఐదుగురు. ఒక పాత ఓడరేవులో పెట్టెల చాటున నక్కి ఒకరినొకరు కాల్చుకోవడమే పని. ఎదుటివాణ్ణి పడగొడితే పాయింటు. ఆడేవాళ్లు తమకి నచ్చిన పాత్ర ఎంచుకుంటారు. ఒకడు గురి చూసి కాల్చేవాడు, ఒకడు డాలు పట్టేవాడు, ఒకామె దెబ్బలకి కట్లు కట్టేది. పడినా మళ్లీ లేస్తారు కాబట్టి ఎవరికీ బాధ లేదు.

రెండేళ్లు గడిచేసరికి జనానికి ఆట చప్పబడింది. అందరూ మంచివాళ్లే అయితే ఏం సరదా? "ఆడుకోడానికి ఒక విలన్ కావాలి. ఈసారి క్లిక్ అవకపోతే పాత్రలు చేసే టీమే అక్కర్లేదంటున్నారు పైవాళ్లు. మీరు చూసుకోండి," అన్నాడు మనంగారు.

సర్వనామం గమనించారు కదా? మీరు!

పాత్రలు చేసే టీమంటే విలనమ్మదే. ఆ టీములో మొత్తం ఉన్నది నలుగురు. పైగా చిక్కు మామూలుది కాదు. ఎదుటి జట్టులో ఉన్న దుర్మార్గుణ్ణి తయారుచేయడం తేలిక. కానీ వీడు మన జట్టులో మనిషి. మన పక్కన నిలబడి, మనతో కలిసి గెలవాల్సినవాడు. పక్కనున్నవాడు విలన్ ఎలా అవుతాడు?

ముందు ఆవిడ తనకి చేతనైన పద్ధతిలోనే వెళ్లింది. ఏడడుగుల మనిషి, కొమ్ములు, నోట్లోంచి ఆకుపచ్చ విషపు పొగ. మీటింగు పెట్టారు. కొమ్ములు గుమ్మాల్లో ఇరుక్కుంటున్నాయని బొమ్మలకి కదలిక నేర్పేవాళ్లు కోయించారు. పొగ చూస్తే పిల్లలు జడుసుకుంటారని లీగల్ వాళ్లు దాన్ని అత్తరు వాసన చేయించారు. మార్కెటింగ్ వాళ్లకి అతని మీద జాలి కలగాలట. అందుకని బాల్యంలో ఒక విషాదం, చంకలో ఒక కుక్కపిల్ల వచ్చి చేరాయి. ఏ పాత్రకీ బలం మరీ ఎక్కువ కాకుండా తూచి చూసే ఉద్యోగి ఒకడున్నాడు, అందరూ తక్కెడ అంటారు. అతను ఉన్న కాస్త బలాన్నీ సగానికి దించాడు.

ఆరు మీటింగులు దాటి బయటికొచ్చేసరికి ఆ గేము మొత్తంలో అంత మర్యాదస్తుడు ఇంకొకడు లేడు! దుర్మార్గాన్ని రూపుమాపడానికి మీటింగుని మించిన ఆయుధం ఉందా? ఆడించి చూస్తే ఆడినవాళ్లందరూ ఒకటే మాట రాశారు. "పాపం."

గడువు పది రోజులు మిగిలింది.

ఆ శనివారం మధ్యాహ్నం విలనమ్మ దిగాలుగా ముందుగదిలో కూర్చుంది. పక్క సోఫాలో వాళ్ల అత్తగారు చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని అదే గేము ఆడుతోంది. పాతికేళ్లు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. గేములో కూడా కట్లు కట్టే డ్యూటీయే వేయించుకుంది. ముక్కూ మొహం తెలియని జట్టువాళ్లని మైకులో గదమాయిస్తోంది. "కదలకు నాయనా, కట్టు కట్టనీ! దెబ్బ తగిలినవాడివి ఆ పరుగులేమిటి?"

ఆట అయ్యాక కోడలు తన విలన్ బొమ్మ చూపించింది.

"వీణ్ణి చూస్తే భయం వేయట్లేదా అత్తయ్యా?"

"భయమెందుకే? ఆ కుక్కపిల్ల అన్నం తిందో లేదో అనిపిస్తోంది."

"పోనీ, మీకు ఎవర్ని చూస్తే భయం?"

అత్తగారు హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"మా వార్డులో ఒక పెద్ద డాక్టరు ఉండేవాడు. ఒక్కనాడూ గొంతు పెంచి ఎరగడు. రోగి కళ్లు తెరిచాడంటే చాలు, ఎక్కడున్నా వచ్చి వాలిపోయేవాడు. నా భుజం తట్టి, 'చూశారా సిస్టర్, మనం బతికించాం' అనేవాడు. మూడు రోజులు ఆ మంచం పట్టుకుని వేలాడింది నేను. ఇంట్లోవాళ్లు ఆయన చేతులు పట్టుకుని ఏడ్చేవాళ్లు."

"మీకు కోపం రాలేదా?"

"అదేనే చిత్రం! అంత తియ్యగా మాట్లాడే మనిషి మీద కోపం తెచ్చుకోవాలంటే నాకే సిగ్గేసేది. కోపాన్ని మింగేసి నేనూ నవ్వేదాన్ని. ఇప్పటికీ ఎవరైనా వెనక నుంచి భుజం తడితే నాకు ఒళ్లు జలదరిస్తుంది."

విలనమ్మ నిటారుగా కూర్చుంది. ఆవిడ భుజం కూడా ఎనిమిదేళ్లుగా అరిగిపోయి ఉంది మరి!

సోమవారానికల్లా కొత్త విలన్ సిద్ధం. పేరు శ్రేయోభిలాషి. కొమ్ముల్లేవు, పొగ లేదు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, మొహాన చిరునవ్వు. నడుముకి ఒక చిన్న పిస్తోలు ఉంటుంది గానీ దాన్ని తీయాల్సిన అవసరం రాదు. అతనికి పది అడుగుల లోపల ఉన్న జట్టువాడు ఎవరైనా శత్రువుని పడగొడితే, ఆ పాయింటు శ్రేయోభిలాషి ఖాతాలో పడుతుంది. వెంటనే అతను చప్పట్లు కొట్టి, "శభాష్! మనం సాధించాం!" అంటాడు. అంతే. అదే అతని శక్తి.

మీటింగులో ఆ మాట వినబడగానే తక్కెడ టేబుల్ కిందకి వంగి లేని పెన్ను వెతకడం మొదలుపెట్టాడు. అందరి కళ్లూ మనంగారి మీదే.

మనంగారు పొంగిపోయాడు! "అద్భుతం! ఇలాంటి దుర్మార్గులు ఉంటారండీ లోకంలో. నేను చాలామందిని చూశాను. నడక మాత్రం ఇంకాస్త హుందాగా ఉండాలి. ఇదిగో, ఇలా," అంటూ లేచి గది ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి చూపించాడు. బొమ్మలకి కదలిక నేర్పేవాళ్లు ఆ నడకని ఫోన్లో పట్టుకున్నారు. మీటింగుల చరిత్రలో ఒక్క నడక తప్ప ఇంకే మార్పూ చెప్పకుండా అందరూ ఓకే అన్నది ఆ ఒక్కరోజే.

శ్రేయోభిలాషి విడుదలైన రోజు మనంగారు ఇంటర్వ్యూ ఇచ్చాడు. ఈ పాత్ర తనకి ఎలా తట్టిందో, దాని కోసం తను ఎంత మథనపడ్డాడో గద్గద స్వరంతో చెప్పాడు. చివర్లో "మా టీముకి కూడా థాంక్స్" అన్నాడు. ఆ "కూడా"లో విలనమ్మ ఉంది.

ఆవిడ క్యాంటీన్‌లో కూర్చుని, ఎవరి కంటా పడకుండా తీరిగ్గా పెరుగన్నం తింది. చూశారా, వరమంటే ఇదే! ఏ విలేకరీ అడ్డం రాలేదు. గొంతులో ముద్ద దిగడం కాస్త కష్టమైందనుకోండి, అది వేరే సంగతి.

మొదటి వారం జనం వెర్రెత్తిపోయారు. రెండో వారం అసలు కథ మొదలైంది. కాల్చే కష్టం లేకుండా పాయింట్లు వచ్చిపడే పాత్ర ఉండగా ఇంకొకటి ఎవరు ఎంచుకుంటారు? జట్టులో ఐదుగురూ శ్రేయోభిలాషులే! ఎదుటి జట్టూ అంతే! ఓడరేవులో పదిమంది ఇస్త్రీ చొక్కాలవాళ్లు, ఎవరో ఒకరు పని చేయకపోతారా అని ఒకరి పక్కన ఒకరు చిరునవ్వుతో నిలబడిపోయారు. ఇరవై నిమిషాలకి ఆట ముగిసేది. సున్నా, సున్నా. ఒకాయన రాశాడు: "పొద్దున్నుంచీ ఆఫీసులో ఉండి ఇంటికొచ్చి గేము పెట్టాను. మళ్లీ ఆఫీసుకే వెళ్లినట్టుంది."

ఫిర్యాదులు వరదలా వచ్చిపడ్డాయి. ఆఫీసు ఒక ప్రకటన ఇచ్చింది. "ఇది పాత్ర రూపకర్త చేసిన పొరపాటు." కింద విలనమ్మ అసలు పేరు, ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం తప్పు లేకుండా! ఎనిమిదేళ్లలో ఆవిడ పేరు అచ్చులో కనబడడం అదే మొదలు.

"ఆవిడ కొంచెం తొందరపడ్డారు," అని పైవాళ్లకి ఎంతో సానుభూతిగా చెప్పాడు మనంగారు. నాలుగు రోజుల్లో సరిచేయకపోతే ఆ పాత్రనీ టీమునీ కలిపి తీసేస్తామన్నారు వాళ్లు.

ఇంటికొచ్చి విలనమ్మ చెప్పులు కూడా విప్పకుండా కూలబడి ఏడ్చింది. అత్తగారు మంచినీళ్లు తెచ్చిచ్చి, ఆవిడ వీపు నిమిరింది. ఏడుపు ఆగాక, "మనిషి బతికితే 'మనం బతికించాం'. పోతే 'నర్సు సరిగా చూడలేదు'. దెబ్బ మాత్రం ఎప్పుడూ ఆయనకి తగిలేది కాదే," అంది.

మర్నాడు పొద్దున్నే ఆఫీసులో తక్కెడ ఓదార్పుగా పక్కన కూర్చున్నాడు. "పది అడుగుల్ని ఐదు చేద్దామా అక్కా?"

"వద్దు. పదీ ఉండనీ. పాయింటు ఎంత దూరం నుంచి వస్తోందో తూటా కూడా అంత దూరం నుంచే రానీ."

సవరణ ఒక్కటే. శ్రేయోభిలాషికి పది అడుగుల లోపల జట్టువాడు ఎవరైనా కొడితే పేరు అతనిదే. ఇకమీదట ఆ పది అడుగుల లోపల ఎవరికి దెబ్బ తగలబోయినా ఆ దెబ్బా అతనిదే!

నాలుగో రోజు ఉదయం మీటింగు గదిలో పెద్ద తెర మీద ఆడి చూశారు. తన పాత్రని తనే ఆడతానని మనంగారు ముందుకొచ్చాడు. జట్టువాడు ఒకణ్ణి పడగొట్టాడు, శ్రేయోభిలాషి చప్పట్లు కొట్టాడు. మరుక్షణం అవతలివాళ్లు ఆ జట్టువాడి మీద కాల్పులు మొదలెట్టారు. కూలిపోయింది శ్రేయోభిలాషి. లేచాడు, కొట్టాడు చప్పట్లు, పడ్డాడు. అలా తొమ్మిదిసార్లు.

మనంగారు చెమట తుడుచుకుని గేము కంట్రోలర్ కింద పెట్టాడు. ఆయన మొహంలో నిజంగానే బాధ ఉంది.

"ఇదెక్కడి న్యాయమండీ? పేరు తీసుకున్న పాపానికి దెబ్బలు కూడా తినాలా?"

ఎవరూ నవ్వలేదు. నవ్వకుండా ఉండడానికి ఆ గదిలో మనుషులు పడిన యాతన నేను వర్ణించలేను.

మధ్యాహ్నం వీడియో కాల్‌లో పైవాళ్లు అడిగారు. "ఈ సవరణ ఎవరి ఆలోచన?"

ఆ అడగడం మెచ్చుకోడానికో చీవాట్లు పెట్టడానికో స్వరంలో తెలియలేదు. మనంగారు నోరు తెరిచాడు. పొద్దున తొమ్మిదిసార్లు పడడం గుర్తొచ్చిందో ఏమో, మూసేసి సీలింగు ఫ్యాను కేసి చూశాడు. తక్కెడ విలనమ్మ కేసి చూశాడు. ఆవిడ కుర్చీ ముందుకి జరుపుకుంది. ఎనిమిదేళ్లుగా వాడక తుప్పు పట్టిన మాట అది. ఎలాగో బయటికి లాగింది.

"నాది."

"సరే, పెట్టండి," అన్నారు వాళ్లు. తర్వాతి విషయంలోకి వెళ్లిపోయారు. అంతే! దాని కోసమా ఎనిమిదేళ్లు?

సవరణ ఆవిడ పేరుతోనే బయటికెళ్లింది. ఆట మళ్లీ నడిచింది. టీము నిలిచింది. శ్రేయోభిలాషిగా ఆడేవాళ్లు ఇప్పుడు జట్టు ముందు నిలబడుతున్నారు, చప్పట్లు తగ్గించి కాస్త పిస్తోలు కూడా తీస్తున్నారు. ఊరికే పాయింట్లు పోగేసుకోడానికి అలవాటు పడినవాళ్లు మాత్రం మండిపడ్డారు. తిట్లన్నీ ఈసారి సూటిగా రూపకర్త పేరుకే వచ్చాయి.

పేరు లేని బతుకే హాయి అని ఇందాకటి నుంచీ మీకు చెబుతున్నాను కదా. ఆ ఆదివారం వాళ్ల ముందుగదిలో ఏం జరిగిందో కూడా దాచకుండా చెప్పాలి.

అత్తగారు కళ్లజోడు సవరించుకుని ఫోన్లో తిట్లు ఒక్కొక్కటే పైకి చదువుతోంది. "ఇదిగో, ఇతనెవరో చూడు. 'ఈ విలన్ని తయారుచేసినావిడ పరమ దుర్మార్గురాలు. ఇంత క్రూరమైన బుర్ర నేనెక్కడా చూడలేదు' అట. ఎంత మాటన్నాడే!"

విలనమ్మ మొహం చేటంతయింది. జరిగి అత్తగారి పక్కకి వచ్చి కూర్చుంది.

"అది ఇంకోసారి చదవండి అత్తయ్యా."